అదే కోత మీద రెండోసారి

మా మేనత్త పోయింది. డ్యూటీ ఎక్కడానికి ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర చెప్పులు మార్చుకుంటుంటే మామ ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అత్త పలుకుతలేదే" అన్నాడు. నాడి చూడు అన్నాను, ఛాతీ మీద నొక్కు అన్నాను, ఆటో పిలువు అన్నాను. అవన్నీ అయిపోయాయని, ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టర్ వచ్చి చూసి వెళ్లిపోయాడని అతను చెప్పేదాకా నా నోరు ఆగలేదు. పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగిందట. అంతే. గుండె.

మూడు వారాలు కావస్తోంది. తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను, కానీ ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే ఆరేళ్ల కిందటి ఒక పొద్దు గుర్తొస్తోంది. ఆ పొద్దున నేను ఒక మాట చెప్పాను. అంతకుముందు వారం రోజులు అదే మాట చెప్పకుండా దాచాను. చెప్పినందుకు ఆమెకు క్షమాపణ అడగాలో, ఆలస్యంగా చెప్పినందుకు అడగాలో తేల్చుకునేలోపే ఆమె వెళ్లిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా బాపుకు ఒక్కతే చెల్లెలు. నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం మేం. సుల్తానాబాద్ దగ్గరి ఊళ్లో కాపురం. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో థియేటర్ నర్సును. ఈ చదువులోకి నన్ను తోసింది ఆమే. నాకు మందుల వాసన పడదంటే, "పడేదాక వాసన చూడు, గదే పడ్తది" అని ఇంటర్ కాగానే చెయ్యి పట్టుకుని అడ్మిషన్‌కు తీసుకుపోయింది.

ఊళ్లో ఆడవాళ్ల సంఘానికి ఆమె లీడర్. కోతల కాలంలో సంఘం తరఫున వడ్లు కొనే సెంటర్ నడిపేది. ఆ నెలన్నర ఆమె కాలు ఇంట్లో నిలిచేది కాదు. కుప్పలోంచి నాలుగు గింజలు తీసి పంటి కింద కొరికి, తేమ ఎంతుందో ముందు తానే చెప్పేది. తర్వాత మిషన్ పెట్టేవాళ్లు. ఇంచుమించు ఆమె చెప్పిందే వచ్చేది. ఇంకో రెండు రోజులు ఎండబెట్టమంటే కొందరు బతిమాలేవాళ్లు, కొందరు గొంతు పెంచేవాళ్లు. "మిషన్ అబద్ధం చెప్పదన్నా, దాన్ని పట్టుకున్న చెయ్యి చెప్తది. నా చెయ్యి చెప్పది" అనేది. సెంటర్‌లో ఆమె కోసం కుర్చీ వేసేవాళ్లు. ఆమె దాని మీద తన టిఫిన్ డబ్బా పెట్టి, తాను నిలబడే ఉండేది.

అలాంటి మనిషి ఒక్క విషయంలో అబద్ధం చెప్పింది. దాన్ని ఇరవై ఏళ్లకు పైగా మోసింది.

నాకు పదేళ్లప్పటి సంగతి. మామ మస్కట్‌లో మేస్త్రీ పనికి పోయి ఉన్నాడు. అత్తకు నెలనెలా రక్తం ఎక్కువగా పోతుంటే బాపు ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోయాడు. గర్భసంచి తీసేయాలని, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుందని వాళ్లు భయపెట్టారు. అప్పటికి ఆమెకు ముప్పై ఒకటో, రెండో. మామను అడగకుండానే ఒప్పుకుంది. బొడ్డు కింద నిలువుగా కోసి తీశారు. ఇంటికొచ్చిన కొద్ది రోజులకే జ్వరం, కడుపు ఉబ్బు. మళ్లీ తీసుకుపోతే అదే కోత మీద రెండోసారి తెరిచారు. లోపల చీము పట్టిందన్నారు. పేగును ముట్టారో లేదో, ఏం చేశారో మాకెవరూ చెప్పలేదు. కాగితాలు ఇచ్చారో లేదో కూడా ఎవరికీ గుర్తు లేదు. ఆ నర్సింగ్ హోమ్ తర్వాత మూతపడింది.

నాకు గుర్తున్నది ఆసుపత్రి మంచం కింద ఒక సీసా, దానిలోకి సన్నటి గొట్టం, పసుపుపచ్చటి నీళ్లు. ఆ సీసా వంక చూస్తూనే నేను బిస్కెట్లు తిన్నాను. ఇంటికొచ్చాక ఆమె నలభై రోజులు పడుకునే ఉంది, పుండు మానక. వారానికోసారి మామ పక్కింటి ఫోన్‌కు చేసేవాడు. ఆమె రెండు చేతులతో కడుపు పట్టుకుని, గోడ వెంట నడిచి వెళ్లి, రిసీవర్ అందుకోగానే నవ్వేది. "మంచిగున్న. నువ్వు జర మంచిగ తిను" అనేది. రెండోసారి కోసిన సంగతి మామకు చెప్పొద్దని బాపుతో, అవ్వతో, చివరికి నాతో కూడా ఒట్టు వేయించుకుంది. చెబితే పని విడిచిపెట్టి వచ్చేస్తాడని, వస్తే మళ్లీ పోయే దారి ఉండదని ఆమె భయం. అతన్ని అడక్కుండా ఆపరేషన్ చేయించుకున్నానన్న బెరుకు కూడా ఉండేదేమో.

ఏళ్లు గడిచాయి. మామ తిరిగొచ్చి ఊళ్లోనే ఉండిపోయాడు. ఆరేళ్ల కింద ఆమెకు విరేచనంలో రక్తం పడటం మొదలైంది. మొలలని చెట్ల మందు తిన్నది, ఒక నెల కాదు, ఎనిమిది నెలలు. బరువు తగ్గింది. నేనే పట్టుబట్టి మా ఆసుపత్రికి రప్పించాను. కెమెరా గొట్టంతో చూస్తే పెద్దపేగులో ఎడమ దిక్కు గడ్డ కనిపించింది. ముక్క పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది.

మా సర్జన్ గారు ఆదిలాబాద్ దిక్కు మనిషి. మెల్లగా మాట్లాడుతారు, ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతారు. అత్త కడుపు మీది మచ్చను వేలితో తడిమారు.

"అమ్మా, ఇంతకుముందు కడుపు ఆపరేషన్లు ఎన్ని అయినయి?"

"గర్భసంచి తీసిండ్రు సార్. ఒక్కటే."

"మచ్చ ఇంత వెడల్పున్నది. చీము పట్టిందా అప్పుడు?"

"జర పట్టిండె."

ఆయన నన్ను చూశారు. నేను ఫైలు చూశాను.

"చూడమ్మా, ఒకసారి తెరిచిన కడుపుల పేగులు ఆ కోతకు అతుక్కుంటయి, ఒకదానికొకటి అతుక్కుంటయి. ఎంత అతుక్కున్నయో బయటి నుంచి చెప్పలేం. అట్లని కెమెరా పెట్టి చిన్న రంధ్రాలతోటి చేయొద్దని కాదు. పాత ఆపరేషన్లు ఉన్నోళ్లకు కూడా చేస్తం, చానామందికి మంచిగనే అయితది. టైం ఎక్కువ పడ్తది. లోపల దారి దొరకకపోతే మాత్రం పెద్దగ కోయాల్సి వస్తది. ఒక్కటే అంటున్నరు గదా, ప్రయత్నం చేద్దాం."

ఆమెకు అందులో ఒక్క ముక్కే వినిపించింది. "చిన్న రంధ్రాలైతే ఎన్ని రోజులకు పనికి పోవచ్చు సార్?" అని అడిగింది. అంతా సరిగ్గా జరిగితే మూడు వారాలన్నారు. వేళ్ల మీద లెక్క చూసుకుంది. ఎండాకాలం యాసంగి కోతలు ఊపందుకునేసరికి అందుతుంది.

బయటికొచ్చాక నేను ఆగాను. "అత్తా, రెండోసారి కోసింది చెప్పలే."

"ఎందుకు చెప్పాలె? చెప్తే ముందుగాలనే పెద్దగ కోస్తనంటడు. మళ్ల నలభై రోజులు పండాలె. సెంటర్ ఎవ్వలు చూస్తరు?"

"గట్ల కాదత్తా, లోపల ఏమున్నదో తెల్వకుంట…"

ఆమె నా మణికట్టు పట్టుకుంది. మామ మందుల కౌంటర్ దగ్గర వరసలో నిలబడి ఉన్నాడు. "మీ మామకు గిప్పటిదాక తెల్వది. గిప్పుడు తెలిసి ఏం చేస్తడు, గోసపడుడు తప్ప? నా మీద ఒట్టు పిల్లా. చెప్పకు."

ఆ వారం నేనెట్లా తిరిగానో నాకే తెలుసు. కడిగిన పనిముట్లనే మళ్లీ కడిగాను. సర్జన్ గారి గది ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు నడిచాను. ఒకసారి లోపలికే పోయాను. "ఏందమ్మా?" అన్నారు. "ఏం లేదు సార్, లీవు సంగతి" అన్నాను. వృత్తి ఒక దిక్కు గుంజుతోంది, పదేళ్లప్పుడు వేసిన ఒట్టు ఇంకో దిక్కు గుంజుతోంది. ఎవరినైనా అడుగుదామంటే, ఆ సంగతి తెలిసిన బాపు, అవ్వ ఇద్దరూ అప్పటికి లేరు.

ఆపరేషన్ రోజు చేతికి గ్లోవ్స్ వేసుకోనని, టేబుల్ దగ్గర నిలబడనని ముందే చెప్పాను. సామాను అందించే పని తీసుకున్నాను. అత్త టేబుల్ మీద పడుకుని ఉంది. పచ్చ టోపీలో ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. మత్తు ఇచ్చే ముందు మా దగ్గర ఒక కాగితం చదువుతారు. పేరు, ఏ ఆపరేషన్, ఏ పక్క, ఏ మందు పడదు. సర్జన్ గారు అలవాటు ప్రకారం మళ్లీ అడిగారు. "ఇంతకుముందు కడుపు ఆపరేషన్లు?"

"ఒక్కటే సార్" అంది అత్త.

"రెండు సార్" అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "అదే కోత మీద రెండోసారి తెరిచిండ్రు. పన్నెండు పదమూడు రోజులకే. చీము పట్టి."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా మీదే ఉంది.

సర్జన్ గారు కోప్పడలేదు. ఆమె చెవి దగ్గరికి వంగారు. "నిజమేనా అమ్మా?" ఆమె కళ్లు మూసుకుని తలూపింది. "సరే. నేను ఇప్పుడు బొడ్డు దగ్గర మొదలుపెట్ట. ఎడమ దిక్కు పక్కటెముకల కింది నుంచి పోత. పెద్దగ కోయాల్సి వచ్చుడు ఇంతకుముందు అనుకున్నదానికంటె ఎక్కువైంది. ఒప్పుకుంటవా? లేకుంటే ఇయ్యాల ఆపి, మీ ఆయనతోటి మాట్లాడి…"

"ఆయనతోటి వద్దు. చెయ్యుండ్రి. చిన్నగనే చెయ్యుండ్రి సార్."

ఆ తర్వాత ఆయన నా వైపు తిరిగి ఒక్క మాట అన్నారు. "వారం ముందు చెప్తే అయిపోతుండె గదమ్మా." అంతకంటే పెద్ద తిట్టు నేను ఇంతవరకు తినలేదు.

పక్కటెముకల కింద నుంచి కెమెరా పోయింది. తెర మీద కనిపించిన దాన్ని చూసి మత్తు డాక్టర్ కూడా లేచి నిలబడ్డాడు. పాత కోత లోపలి వైపు, బొడ్డుకు వేలెడు కింద, చిన్నపేగు ఒక మడత గోడకు అంటుకుని ఉంది. మామూలుగా మొదటి గొట్టం పెట్టే చోటు అది.  సర్జన్ గారు కత్తెరతో ఒక్కో పొరే విడదీయడం మొదలుపెట్టారు. గోడ నుంచి పేగు విడిపడింది. దాని కింద మరో మడత. దానికి చుట్టుకుని మరొకటి. దాదాపు రెండు గంటలు. నేను గాజుగుడ్డలు లెక్కపెడుతూ మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

కటి భాగానికి వచ్చేసరికి అన్నీ ఒకే ముద్దలా ఉన్నాయి. ఎక్కడ ఒక పేగు ఆగి ఇంకోటి మొదలవుతుందో తెలియడం లేదు. ఒకచోట పేగు పైపొర కొద్దిగా చిరిగింది. ఆయన అక్కడే కుట్టు వేసి, పనిముట్లు పక్కన పెట్టి, ఊపిరి తీసుకున్నారు. "చాలు. తెరుద్దాం."

తెరిచారు. గడ్డ ఉన్న పేగు భాగం తీసి రెండు కొసలు కలిపారు. అనుకున్న దానికి రెట్టింపు సమయం పట్టింది. గడ్డ మొత్తం వచ్చింది.

సర్జన్ గారు బయటికి వచ్చి మామకు చెబుతుంటే నేను వెనకే ఉన్నాను. "ఆయనతోటి వద్దు" అంటే ఆపరేషన్ ఆపొద్దనే ఆయన అనుకున్నారు, అది రహస్యమని తెలియదు, చెప్పే సమయం నాకు దొరకలేదు. "రెండోసారి కోసిన చోట పేగులు బాగ అతుక్కున్నయి, అందుకే పెద్ద కోత పెట్టాల్సి వచ్చింది" అన్నారు.

"రెండోసారా? ఎప్పుడు సార్?" అన్నాడు మామ.

ఆయన వెళ్లిపోయాక నేనే చెప్పాను. మామ అన్నీ విని, ఏ నెల అని అడిగాడు. శ్రావణం అన్నాను.  "ఆ నెల ఫోన్ చేస్తే పక్కింటోళ్ల కోడి మా గంపల గుడ్లు పెడ్తుందని చెప్పింది బిడ్డా. చెప్పుకుంట నవ్వింది" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు నాకు నరకం. పేగు మళ్లీ కదిలితే ముందు గ్యాస్ పోతుంది, అది కదలలేదు. సర్జన్ గారు పొద్దునా సాయంత్రం వచ్చి "గ్యాస్ పోయిందా?" అని అడిగేవారు. అత్త లేదనేది. ముక్కులో గొట్టం, పెదవులు ఎండి. నేను తడిగుడ్డ పెట్టబోతే మొహం తిప్పేసుకునేది. వేరే నర్సు పెడితే ఊరుకునేది. నాలుగు రోజులు నా చేతి మీదుగా చుక్క నీళ్లు తీసుకోలేదు.

ముందుగా కోసినవాళ్ల వడ్లు అప్పటికే సెంటర్‌కు చేరాయి, అదే సమయానికి కాలం కాని వాన పట్టింది. ఆమె ఫోన్ కావాలని సైగ చేసింది. మామ చెవి దగ్గర పెట్టాడు. ముక్కులో గొట్టంతోనే సెంటర్ వాళ్ల మీద అరిచింది. "టార్పాలిన్లు ఏడున్నయే? కప్పుండ్రి! దక్షిణం దిక్కు పల్లమున్నది, గా కుప్ప ముందు కప్పుండ్రి!" కుట్లు పట్టుకుంటాయని నేను ఆపబోయాను. "నువ్వు నాకు చెప్పకు" అంది. నాలుగు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది. నాకు ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది.

ఆరో రోజు పొద్దున మామ వార్డు తలుపు తీసుకుని కారిడార్‌లోకి పరుగున వచ్చాడు. "పోయింది బిడ్డా! గ్యాస్ పోయింది!" అని అందరూ వినేలా అన్నాడు. శ్రీరాంపూర్ నుంచి వచ్చిన పక్క మంచం ఆవిడ చప్పట్లు కొట్టింది. అత్త కొంగుతో ముఖం కప్పుకుంది.

ఆ మధ్యాహ్నం జావ తాగిస్తూ మామ అడిగాడు. నేను మందులు సర్దుతూ అక్కడే ఉన్నాను.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే వస్తుంటివి."

"వస్తుంటి. అందుకే చెప్పాల్సుండె."

ఆమె ఇంకో గుక్క తాగింది. "గప్పుడు నాకు గంత తెలివి లేదు" అంది. మామ చెంచా గిన్నెలో పెట్టి, ఆమె పాదాల మీద దుప్పటి సవరించాడు. వాళ్ల మధ్య ఆ సంగతి అక్కడితో ముగిసిందనే అనుకుంటాను. ఇరవై ఏళ్లకు పైగా దాచింది అంత తక్కువ మాటల్లో తేలిపోవడం నేను ఊహించలేదు.

నా సంగతి అంత సులువుగా తేలలేదు. డిశ్చార్జి రోజు ఆమె నన్ను మంచం దగ్గరికి పిలిచింది. "నువ్వు చెప్పినందుకు బతికిన్నో, చెప్పకున్నా బతుకుతుంటినో నాకు తెల్వది. గా రోజు మాత్రం నిన్ను తిట్టుకున్న. మత్తుల పొయ్యేదాక తిట్టుకున్న."

"తిట్టుకో అత్తా."

"అయిపోయింది. ఇంక ఫికర్ చెయ్యకు." నా గడ్డం పట్టుకుని ఊపింది. కానీ క్షమించానని అనలేదు. ఆమె లేని మాట అనే మనిషి కాదు.

గడ్డ పేగు గోడ దాటలేదని రిపోర్టు వచ్చింది. కీమో అవసరం పడలేదు. ఆ యాసంగి కోతలు ఆమె లేకుండానే ముగిశాయి. వానాకాలం పంటకు నడుముకు బెల్టు కట్టుకుని సెంటర్‌కు పోయింది. అప్పుడు మాత్రం డబ్బా తీసేసి కుర్చీలో కూర్చుందట.

ఆ తర్వాత ఆమెకో కొత్త పని తగులుకుంది. సంఘం మీటింగ్ కాగానే ఎవరినీ లేవనిచ్చేది కాదు. "మీ కడుపు మీద ఎన్నిసార్లు కత్తి పడ్డదో ఒక్కొక్కలు చెప్పుండ్రి" అనేది. సిగ్గుతో నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు. ఏ ఊళ్లో, ఏ ఏడు, దేనికి, కుట్లకు చీము పట్టిందా, మళ్లీ తెరిచారా, అన్నీ ఒక కాగితం మీద రాయించి, ఆ కాగితం వాళ్ల ఆధార్ కార్డుతో కలిపి పెట్టుకోమనేది.

వాళ్ల వీధిలో గాజుల కొట్టు నడిపే, అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ముస్లిం ఆవిడ ఉండేది. ఆమెకు పేగులో గడ్డ లాంటిది పెరిగిందని, కొంత పేగు తీయాలని మా ఆసుపత్రికే వచ్చింది. వెంట మా అత్త. సర్జన్ గారు పాత ఆపరేషన్ల గురించి అడిగితే ఖాలా "దో సిజేరియన్ సాబ్" అంది.

"జర ఆగుండ్రి సార్" అంది అత్త. "ఆమె రెండంటది. మూడైనయి. పిల్లలు పుట్టకుంట క్యాంపుల చేయించుకున్నది యాది మరిచింది."

"అరే, గది గూడ ఆపరేషనేనా?" అని ఖాలా నోరు తెరిచింది. సర్జన్ గారు నవ్వుతూ రాసుకున్నారు.

ఖాలాకు మొత్తం చిన్న రంధ్రాలతోనే అయిపోయింది. లోపల అక్కడక్కడా అతుకులు ఉన్నాయి, విడదీయడానికి కొంత ఎక్కువసేపు పట్టింది, అంతే. ఐదో రోజు ఇంటికి పోయింది. అత్త ఆమె పొట్ట మీది చిన్న చిన్న పట్టీలను చాలాసేపు చూసింది. "నాకు గిట్ల గాకపాయె" అంది. మరుక్షణమే ఖాలా సంచి అందుకుని ముందు నడిచింది.

ఇప్పుడు మా థియేటర్‌లో మత్తుకు ముందు కాగితం చదివేటప్పుడు నేను మూడోసారి కూడా అడుగుతాను. రోగులు విసుక్కుంటారు. డాక్టర్లు గడియారం చూస్తారు. అడుగుతాను. కొందరి ముఖంలో ఒక క్షణం తడబాటు కనిపిస్తుంది.  అప్పుడు మాట బయటికి రావాలని చూస్తాను. అది వచ్చాక ఆ మనిషి ఇంట్లో ఏం జరుగుతుందోనని భయపడతాను. రెండూ ఒకేసారి. మీ ఇంట్లో కూడా ఇలాంటి దాచిన కోత ఒకటి ఉండవచ్చు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. అది టేబుల్ మీద కాదు, వారం ముందు బయటపడాలి.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక నేను కరీంనగర్‌కు బయలుదేరాను. మామ బస్సు దాకా వస్తానన్నాడు. పడమర మబ్బు విడి ఎండ వస్తోంది. రోడ్డుకు ఒక పక్క పొడుగునా ఎవరివో వడ్లు ఎండబోసి ఉన్నాయి. మనుషులెవరూ లేరు.

"ఎవలయి మామా?"

"ఏమో బిడ్డా" అన్నాడు. నా సంచి మైలురాయి మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు. ప్యాంటు మడమలపైకి మడిచి, వడ్లలోకి దిగి, అత్త తిరగేసినట్టే, అరికాళ్లు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. అడుగున ఉన్న తడి గింజలు పైకి వస్తున్నాయి. బస్సు వచ్చింది, నేను ఎక్కాను. అద్దంలోంచి చూస్తే ఆయన చివరిదాకా పోయి వెనక్కి తిరుగుతున్నాడు. ఆయన వెనక రెండు చాళ్లు, అలవాటు లేని కాళ్లవి, వంకరగా, ఆ బంగారు రంగు మధ్యలో రోడ్డు తేలి నల్లగా.